మోనోవై టావెర్న్: ఒక్కరే నివసించే ఊళ్లో అందరి భోజనశాల

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రానికి ఈశాన్య మూలన, బాయిడ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటి విభాగం), 12వ నంబరు రాష్ట్ర రహదారిని ఆనుకొని మోనోవై అనే ఊరు ఉంది. 2010 జనగణనలో ఆ ఊరి జనాభా ఒకటి. చట్టప్రకారం సొంత పాలనా హోదా ఉండి, ఒక్కరే నివసిస్తున్న ఊరు దేశం మొత్తం మీద అదొక్కటేనని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ ఒక్కరి పేరు ఎల్సీ ఐలర్. ఆమె తన భర్త రూడీతో కలిసి 1971లో తెరిచి, ఆయన మరణానంతరం ఒంటరిగా నడుపుతూ వచ్చిన మోనోవై టావెర్న్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ ఊరి గురించి వచ్చిన రాతలన్నీ 'ఒక్కరు' అన్న మాట దగ్గరే ఆగిపోతాయి. అక్కడ భోజనం ఎలా ఉంటుంది, ఎవరు వచ్చి తింటారు, ఆ చోటు ఎవరికి ఏ అవసరం తీరుస్తుంది అన్న సంగతులు పెద్దగా కనిపించవు. ఒక భోజనశాలకు ఇవ్వవలసిన గౌరవం దాని భోజనాన్ని, దాని మనుషులను గమనించి రాయడమేనని నా నమ్మకం.

అదే రాష్ట్రంలోని ఒమాహా నగరం నుంచి మోనోవై సుమారు 200 మైళ్లు. నార్‌ఫోక్ దాటాక ఊళ్ల మధ్య దూరం పెరుగుతుంది, ఎదురొచ్చే వాహనాలు తగ్గుతాయి, మొక్కజొన్న చేల నడుమ గడ్డి నేలలు ఎక్కువవుతాయి. నెబ్రాస్కా అంటే చదునైన నేల అని నగరంలో ఉండే మనవాళ్లు అనుకుంటారు గాని, నయోబ్రారా నది మిస్సోరి నదిలో కలిసే ప్రాంతానికి చేరువయ్యేకొద్దీ నేల ఎత్తుపల్లాలుగా మారుతుంది. గుట్టల మీద చెట్టుచేమలు లేని పచ్చిక, వాగుల వెంట మాత్రం చెట్ల వరుస కనిపిస్తాయి. నేను వెళ్లింది మొక్కజొన్న కోతల కాలంలో. గడ్డి అప్పటికే ఎండి రాగిరంగుకు తిరిగి ఉంది. తీగ కంచెల వెనుక నల్లని మాంసపు పశువుల మందలు మేస్తున్నాయి. ప్రెయిరీ, అంటే విశాలమైన గడ్డిమైదానం, అన్న మాటను పాఠ్యపుస్తకంలో చదివినవారు ఆ నేలను ఒకసారి కళ్లారా చూడాలి. అక్కడ మనిషి కంటికి అడ్డు వచ్చేది ఏదీ లేదు కాబట్టి, దూరాన ఒక ఇల్లు కనిపించినా అది ఎవరిదో తెలుసుకోవాలన్న ఆసక్తి కలుగుతుంది.

ఊరు అన్నది అర చదరపు కిలోమీటరుకు కాస్త ఎక్కువ. రోడ్డు దిగగానే పాడుబడిన ఇళ్లు, వాటి కప్పుల మీదుగా ఎదిగిన చెట్లు, గడ్డిలో దిగబడిపోయిన పాత యంత్రాలు, మూతపడిన చర్చి కనిపిస్తాయి. వాటి మధ్య వాడుకలో ఉన్న తెల్లని చిన్న కట్టడం టావెర్న్. టావెర్న్ అంటే మద్యం దుకాణమని తెలుగువారు వెనకాడవలసిన పని లేదు. ప్రెయిరీ ఊళ్లలో ఆ పేరుతో ఉండే చోట్లు పొద్దున కాఫీకి, మధ్యాహ్నం భోజనానికి, సాయంత్రం బీరుకు, ఎప్పుడైనా నాలుగు మాటలకు పనికొచ్చేవి. పిల్లలతో కలిసి కుటుంబాలు వచ్చి కూర్చోవడం అక్కడ మామూలు విషయం. ఊరిలోకెల్లా చల్లని బీరు తమ దగ్గరే దొరుకుతుందని బయట ఒక బోర్డు ఉంటుంది. లోపల ఒక కౌంటర్, దాని ముందు ఎత్తు బల్లలు, తక్కిన గదిలో సాదా మేజాలు, కుర్చీలు. అలంకారం కోసం తెచ్చి పెట్టిన వస్తువు ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. గోడల మీద ఉన్నవన్నీ ఎవరో ఒకరు ఇచ్చినవో, ఏదో ఒక రోజు జ్ఞాపకంగా మిగిలినవో.

భోజనం సంగతికి వస్తాను. పదార్థాల జాబితా చిన్నది, అందులో ముఖ్యమైనది హాంబర్గర్. మాంసపు ముద్దను ముందుగా వండి వెచ్చబెట్టి ఉంచడం ఇక్కడ లేదు. మనం చెప్పాకే పెనం మీదికి ఎక్కుతుంది. అంచులు కరకరలాడేదాకా వేగనిచ్చి, నడుమ మాత్రం రసం పోకుండా దించుతారు. ఉప్పు, మిరియాలు తప్ప వేరే మసాలా తగిలినట్టు నాకు తోచలేదు. చుట్టూ ఉన్నది పశువులను పెంచే ప్రాంతం కాబట్టి మాంసంలో రుచి మాంసానిదే. దాన్ని దాచడానికి సాసులు పోయవలసిన అవసరం వారికి లేదు. బన్ను ఒక వైపు పెనం మీద వెన్నతో వేడి చేసినది. మొదటి ముద్దలోనే ఆ వెన్న వాసన, కాలిన అంచు, పచ్చి ఉల్లిపాయ ఘాటు కలిసి తగులుతాయి. నగరంలో పెద్ద పేరున్న బర్గర్ దుకాణాల్లో మూడింతల డబ్బు పెట్టినా ఇంత నిజాయితీగా వండిన తిండి నాకు దొరకలేదని నిస్సంకోచంగా రాస్తున్నాను. 2018 నాటి పత్రికా కథనాల్లో హాంబర్గర్ ధర మూడున్నర డాలర్లు, హాట్‌డాగ్ ధర డాలరుంబావు. ఆ తర్వాత ధరలు ఎంతో కొంత మారడం సహజమే గాని, ఇప్పటికీ ఆ భోజనశాల ధర నిర్ణయించేది దూరం నుంచి వచ్చే యాత్రికుడి జేబును చూసి కాదు, వారానికి నాలుగుసార్లు వచ్చే రైతు జేబును చూసి. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

శాకాహారులకు మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఈ చోటు వారి కోసం ఏర్పడినది కాదు. వెంట పులిహోరో, పెరుగన్నమో కట్టుకొని వెళ్లి దారిలో తిని, ఇక్కడ చల్లని పానీయం తీసుకొని కూర్చోవడం మేలు.

మేము వెళ్లేసరికి ఒక మేజా దగ్గర పెద్దవయసు రైతులు కొందరు పేకాడుతున్నారు. కౌంటర్ దగ్గర ధాన్యం లారీ నడిపే యువకుడు ఒకడు తొందరగా తింటున్నాడు. మరో పక్క ఒక దంపతులు పక్క కౌంటీలోని బంధువుల ఇంటికి వెళ్తూ మధ్యలో ఆగారు. పేకాడుతున్నవారిలో ఒకాయన మా పిల్లలను చూసి, ఏ ఊరి నుంచి వచ్చారని అడిగారు. ఒమాహా అని చెబితే, ఆ ముందు ఏ ఊరని మళ్లీ అడిగారు. ప్రకాశం జిల్లాలో మా పల్లె గురించి చెప్పాను. అక్కడ వానలు ఎప్పుడు పడతాయి, పశువులకు మేత ఎలా, ఒక్కో రైతుకు ఎంత పొలం ఉంటుంది అని వరుసగా అడిగి, రెండు మూడు ఎకరాల మీద ఒక కుటుంబం బతుకుతుందంటే పేకముక్కలు కింద పెట్టి విన్నారు. ఆయన పొలం మోనోవైకి పాతిక మైళ్ల దూరంలో ఉందట. కాఫీ తాగడానికి అంత దూరం రావడం ఆయనకు వింత కాదు, ఎందుకంటే ఆ చుట్టుపక్కల కూర్చొని మాట్లాడుకునే చోట్లు తక్కువ.

ఈ భోజనశాల విలువ అక్కడే ఉంది. జనగణన ఒక ఊళ్లో రాత్రి ఎవరు నిద్రపోతారో లెక్కపెడుతుంది. ఆ ఊరిని ఎవరు తమదిగా వాడుకుంటారో లెక్కపెట్టదు. మోనోవై చిరునామాతో ఉన్నది ఒక్కరే కావచ్చు గాని, చుట్టూ పదుల మైళ్లలో చెదురుమదురుగా ఉన్న పశువుల క్షేత్రాల వారికి ఇది రచ్చబండ. ఎవరి ఇంట్లో చావు జరిగింది, ఎవరి ఆవు తప్పిపోయింది, ఏ వంతెన మీద రాకపోకలు ఆపారు అన్న వార్తలు ఇక్కడే చేతులు మారుతాయి. అలాంటి చోటు మూతపడితే పోయేది ఒక దుకాణం మాత్రమే అయితే బాధ లేదు. పక్క పొలంవాడి ముఖం నెలకోసారైనా చూసే అవకాశం పోతుంది.

ఇంత చిన్నదిగా ఈ ఊరు ఎలా మిగిలిందో తెలిస్తే ఆ మేజాల దగ్గర కూర్చున్నప్పుడు చూపు మారుతుంది, కాబట్టి ఆ చరిత్ర కొంత చెబుతాను. ఫ్రీమాంట్, ఎల్క్‌హార్న్ అండ్ మిస్సోరి వ్యాలీ రైల్వే తన మార్గాన్ని ఇటు పొడిగించినప్పుడు, 1902లో, మోనోవై వెలిసింది. తపాలా కార్యాలయం కూడా ఆ ఏడాదే తెరిచారు. ఆ కాలంలో రైతు తన ధాన్యాన్ని గుర్రపు బండిలో స్టేషన్‌కు తోలుకొచ్చి అదే రోజు ఇంటికి తిరిగి చేరాలి. అందుకే రైలు మార్గం వెంట కొన్ని కొన్ని మైళ్లకు ఒక ఊరు పుట్టింది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రభుత్వ భూమిలో స్థిరపడి సాగు చేసే ఒక్కో కుటుంబానికి 160 ఎకరాల దాకా ఇచ్చింది. అంత కొలత కమతాలు ఉన్నప్పుడు చదరపు మైలుకు నాలుగు కుటుంబాలు, వారి పిల్లలకు ఒక బడి, వారి సరుకులకు కొన్ని అంగళ్లు, వారి ప్రార్థనకు ఒక చర్చి నిలబడ్డాయి. 1910లో మోనోవై జనాభా 109, 1930లో 123. అదే దాని ఉచ్చ స్థితి. మూడు కిరాణా కొట్లు ఉండేవట.

ఆ తర్వాత ట్రాక్టరు వచ్చింది, లారీ వచ్చింది, పది మంది చేసే పనిని ఒక యంత్రం చేసింది. బండి వెళ్లి వచ్చే దూరానికి ఇక అర్థం లేకపోయింది. ఎదిగిన పిల్లలు ఒమాహాకు, కాన్సాస్ సిటీకి, డెన్వర్‌కు పోయారు. ఖాళీ అయిన పొలాన్ని పక్కవాడు కొని కలుపుకున్నాడు. 2017 వ్యవసాయ గణన నాటికి నెబ్రాస్కాలో సగటు కమతం 971 ఎకరాలు. పొలం పెరిగినకొద్దీ మనిషి తగ్గాడు. మోనోవైలో 1940లో 99 మంది, 1950లో 67, 1960లో 40, 1970లో 16. ఊరి చర్చిలో చివరి అంత్యక్రియలు 1960లో ఎల్సీ తండ్రివి. తపాలా కార్యాలయం 1967లో పోయింది, ఆ దగ్గరి రోజుల్లోనే ఆఖరి కిరాణా కొట్టు పోయింది, 1974లో బడి పోయింది. 1990లో ఆరుగురు మిగిలారు. 2000 నాటికి ఎల్సీ, రూడీ దంపతులిద్దరే. 2004లో రూడీ మరణించారు.

ఇక్కడ తేదీలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి. ఈ దంపతులు టావెర్న్ తెరిచింది 1971లో, అంటే తపాలా పోయాక, అంగళ్లు మూతపడ్డాక, ఊళ్లో పదహారు మందే ఉన్నప్పుడు. ఎల్సీ ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగి, రూడీతో పాటు ఒకే గది ఉన్న పల్లె బడిలో చదివారు. కొంతకాలం కాన్సాస్ సిటీలో విమాన సంస్థలో పనిచేసే అవకాశం కోసం వెళ్లి, తిరిగి వచ్చి రూడీని పెళ్లాడి స్థిరపడ్డారు. అందరూ వదిలిపోతున్న ఊళ్లో కొత్తగా దుకాణం తెరవడం లాభనష్టాల లెక్క తెలిసినవారు చేసే పని కాదని ఎవరైనా అంటారు. అయితే ఆ ఊళ్లో కొనుగోలుదారులు లేకపోయినా ఆ ఊరి చుట్టూ ఉన్నారన్న సంగతి వారికి తెలుసు. అర్ధ శతాబ్దానికి పైగా అది నిలబడిందంటే వారి అంచనా సరైనదే.

బాయిడ్ కౌంటీ మొత్తం కథ ఇదే దారిలో నడిచింది. 1910లో ఎనిమిది వేలు దాటిన జనాభా 2010లో 2,099కి, 2020లో 1,810కి దిగింది. అదే కౌంటీలోని గ్రాస్ అనే మరో ఊళ్లో 2010లో ఇద్దరు ఉన్నారు. కాబట్టి మోనోవైని ఒక విచిత్రంగా చూడటం నాకు ఇష్టం లేదు. అది ఆ నేల అంతటా జరుగుతున్న దానికి చివరి అంచు మాత్రమే. మన దగ్గర కూడా బోర్లు ఎండి, పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో పోయి, ముసలివారు మాత్రమే మిగిలిన వాడలు నేను చూశాను. అయితే మన పల్లెలు ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉండడం వల్ల అక్కడ మిగిలినవారికి మరీ ఇంత ఒంటరితనం రాదు.

2020 జనగణనలో మోనోవై జనాభా రెండని ప్రచురించారు. ఊళ్లో కొత్తవారెవరూ చేరలేదని ఎల్సీ విలేకరులకు చెప్పారు. దీనికి కారణం ఆసక్తికరమైనది. అమెరికా జనగణన చట్టం ఏ ఒక్క వ్యక్తి వివరాలనూ బయటపడనివ్వకూడదని శాసిస్తుంది. లక్షల మంది ఉన్న నగరంలో వయసు, జాతి, కుటుంబ స్థితి పట్టికలు ప్రచురిస్తే ఎవరి గుట్టూ తెలియదు. ఒక్కరే ఉన్న ఊరికి అదే పట్టిక ప్రచురిస్తే అది ఆ మనిషి నింపిన ఫారమే అవుతుంది. అందువల్ల 2020లో జనగణన సంస్థ 'డిఫరెన్షియల్ ప్రైవసీ' అనే గణిత పద్ధతిని అనుసరించింది. రాష్ట్రాల మొత్తం జనాభాను ఉన్నదున్నట్టు ఉంచి, అంతకంటే చిన్న ప్రాంతాల అంకెల్లో ఉద్దేశపూర్వకంగా స్వల్ప తేడాలు చేర్చింది. పెద్ద నగరంలో ఒకటి రెండు మారితే ఎవరికీ పట్టదు. మోనోవైలో ఒకటి చేరితే ఊరి జనాభా రెట్టింపు అయింది. గోప్యత కోసం చేసిన ఈ పనిని నేను తప్పుపట్టను. కానీ ఇలాంటి ఊళ్లకు రహదారుల నిధులు, సౌకర్యాలు నిర్ణయించేవారు ఈ అంకెలను చూసేటప్పుడు, చిన్న ఊళ్ల దగ్గర అంకె కంటే మనుషులను అడగడం మంచిదని మాత్రం చెప్పాలనిపిస్తుంది.

టావెర్న్ కౌంటరే ఊరి కార్యాలయం కూడా. మన దగ్గర సర్పంచి, వార్డు సభ్యులు, పంచాయతీ కార్యదర్శి, పన్ను కట్టే గ్రామస్థుడు వేర్వేరు మనుషులు. ఇక్కడ అన్నీ ఎల్సీయే. మేయరుగా, గుమాస్తాగా, కోశాధికారిగా ఆమె సంతకం చేయాలి. టావెర్న్‌లో మద్యం అమ్మడానికి అనుమతి కోరేది ఆమే, ఊరి తరఫున ఆ అనుమతికి ఆమోదం తెలిపేదీ ఆమే. నాలుగు వీధి దీపాల ఖర్చుకు రాష్ట్ర నిధులు రావాలంటే ఏటా ఊరి రోడ్ల ప్రణాళిక తయారు చేసి పంపాలి. దీపాలు, నీళ్లు నడవడానికి సుమారు 500 డాలర్ల పన్ను ఆమె తన నుంచి తానే వసూలు చేసి కట్టుకుంటారని పత్రికలు రాశాయి. బయటివారు దీన్ని విని నవ్వి వదిలేస్తారు. నాకు మాత్రం ఇందులో గౌరవం తప్ప మరొకటి కలగలేదు. ఆ కాగితాలు పంపడం మానేస్తే ఊరికి ఆ హోదా నిలవడం కష్టం. హోదా పోతే మోనోవై అన్న పేరు పటంలో ఉన్నా ఊరిగా ఉండదు. పెనం దగ్గర నిలబడి బర్గర్లు వేసే చేయే, పొద్దుపోయాక కూర్చొని ఆ ఫారాలు నింపిందని గుర్తుంచుకోవాలి.

భోజనం అయ్యాక పక్కనే ఉన్న రూడీ గ్రంథాలయాన్ని చూడకుండా రావద్దు. రూడీ గొప్ప చదువరి. తాను జీవితమంతా కూడబెట్టిన పుస్తకాలతో ఊరికి ఒక గ్రంథాలయం ఏర్పాటు చేయాలని ఆయన కోరిక. అది పూర్తయ్యేలోపు క్యాన్సర్‌తో మరణించారు. ఎల్సీ, వారి పిల్లలు, బంధుమిత్రులు కలిసి ఆ పని ముగించారు. చిన్న చెక్క గది, అందులో దాదాపు 5,000 పుస్తకాలు, పత్రికలు. నేల నుంచి పైకప్పు దాకా అరలు నిండి ఉన్నాయి. చలికీ ఎండకీ కాగితం పసుపు రంగుకు తిరిగింది. ఒక అరలో పడమటి సరిహద్దు కథల నవలలు, దాని కింద చరిత్ర, ఆ పక్కన పిల్లల బొమ్మల పుస్తకాలు. కొన్నిటి వెన్ను మీద అట్ట చిరిగిన చోట ఎవరో జాగ్రత్తగా టేపు అంటించారు. ఆ టేపు కూడా పాతబడి అంచులు ముడుచుకుంది. నేను ఆ అరల ముందు చాలాసేపు నిలబడ్డాను. పుస్తకం కావలసినవారు తీసుకెళ్లి చదివి తెచ్చి ఇవ్వడమే ఇక్కడి నియమం. కాపలా ఉండే మనిషి గాని, జరిమానా గాని లేవు. ఒక ఊళ్లో ఇద్దరే మిగిలిన రోజుల్లో, ఆ ఇద్దరిలో ఒకరు గ్రంథాలయం కట్టాలని తలపెట్టడం ఎంత పెద్ద మనసో ఆ గదిలో నిలబడితేనే తెలుస్తుంది. మా పెద్దమ్మాయి ఆ గది వదిలి రావడానికి ఒప్పుకోలేదు.

ఇంకొక మాట ఇక్కడ చెప్పకపోతే ఈ నేలకు న్యాయం జరగదు. రైలు రాకముందు, రైతులు రాకముందు, నయోబ్రారా నదీ తీరం పోంకా అనే అమెరికా ఆదివాసి ప్రజల స్వస్థలం. 1877లో ప్రభుత్వం వారిని బలవంతంగా ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి తరలించింది. దారిలోనూ, చేరిన చోటనూ ఎంతోమంది చనిపోయారు. తన కుమారుడి అస్థికలను పుట్టిన నేలలో పాతిపెట్టడానికి తిరిగి బయలుదేరిన పోంకా నాయకుడు స్టాండింగ్ బేర్‌ను సైన్యం నిర్బంధించింది. 1879లో ఒమాహాలో న్యాయమూర్తి ఎల్మర్ డండీ, అమెరికన్ ఇండియన్ కూడా చట్టం దృష్టిలో ఒక 'వ్యక్తి'యేనని తీర్పు చెప్పారు. ఒక్క మనిషిని లెక్కలోకి తీసుకోవడం ఎంత పెద్ద విషయమో ఆ నదీ తీరం కంటే బాగా చెప్పగల చోటు నాకు తెలియదు. మోనోవై ఖాళీ కావడం గురించి బాధపడే యాత్రికులు, అంతకు ముందు అదే నేల ఎలా ఖాళీ చేయించబడిందో కూడా తెలుసుకుని వెళ్లాలి. తూర్పున ఉన్న నయోబ్రారా ఊరి పరిసరాల్లో ఆ చరిత్ర గుర్తులు ఉన్నాయి. అదే ప్రయాణంలో వాటిని కూడా చూడవచ్చు.

ఈ చోటుకు వచ్చిన కీర్తి గురించి నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. 2018లో ఒక పెద్ద శాండ్‌విచ్ కంపెనీ తన ప్రకటన కోసం మోనోవై పొలంలో రెండు లక్షల చదరపు అడుగులకు మించిన పోస్టర్ పరిచి గిన్నిస్ రికార్డు సాధించింది. దేశదేశాల నుంచి యాత్రికులు వచ్చి టావెర్న్‌లోని సందర్శకుల పుస్తకాల్లో సంతకాలు పెట్టారు. దానివల్ల అమ్మకాలు పెరగడం మంచిదే. అయితే వచ్చి, బోర్డు దగ్గర ఫొటో దిగి, లోపలికి అడుగుపెట్టి యజమానురాలిని ఒక వస్తుప్రదర్శనలా చూసి, ఏమీ తినకుండా వెళ్లిపోయేవారు కొందరు ఉన్నారు. మేము ఉన్నప్పుడే అలాంటి ఒక బృందం వచ్చి వెళ్లింది. పేకాడుతున్నవారు తలెత్తి చూసి మళ్లీ ఆటలో పడ్డారు. దయచేసి అలా చేయవద్దు. వెళితే కూర్చోండి, తినండి, పక్కవారితో మాట్లాడండి, ఫొటో తీసే ముందు అడగండి. ఆమె చేతి నిండా పని ఉన్నప్పుడు మళ్లీ మళ్లీ చెప్పి అలసిపోయిన ప్రశ్నలనే అడగకండి. ఆమె జీవితం గురించిన సంగతులన్నీ పత్రికల్లో ఉన్నాయి. కౌంటర్ దగ్గర అడగవలసింది ఈ రోజు ఏం బాగుందన్న ప్రశ్న.

లోపాలు కూడా రాయాలి. రద్దీ ఉంటే భోజనం ఆలస్యమవుతుంది. వండేది, వడ్డించేది, లెక్క చూసేది ఒక్కరే అయినప్పుడు ఇది తప్పదు గాని, చిన్నపిల్లలతో వెళ్లేవారు ఆకలి వేయకముందే చేరుకోవడం మంచిది. చక్రాల కుర్చీ వాడేవారికి గ్రంథాలయం ఇరుకు. చలికాలంలో మంచు కురిసిన మర్నాడు ఆ రహదారి మీద నగరవాసులు ధైర్యం చేయకూడదు. వసంతంలో కూడా ముందుగా రోడ్ల సమాచారం చూసుకోవాలి. 2019 మార్చిలో మంచు కరిగిన నీళ్లు, వాన, విరిగిన మంచుపలకలు కలిసి నయోబ్రారా నది మీది స్పెన్సర్ ఆనకట్టను తెంచుకుపోయినప్పుడు, ఈ ప్రాంతంలో వంతెనలు కూలి రాకపోకలు చాలాకాలం స్తంభించాయి. టావెర్న్ లాంటి చోటు మీద అలాంటి ఏడాది పడే దెబ్బ నగరంలో ఉన్నవారి ఊహకు అందదు.

ఎల్సీ వయసు 2018 నాటికే 84 ఏళ్లు. కాబట్టి టావెర్న్ తెరిచి ఉందో లేదో బయలుదేరే ముందు ఫోన్ చేసి కనుక్కోవడం తప్పనిసరి. సోమవారం సెలవని ముందే గుర్తుంచుకోండి. ఓ'నీల్ మీదుగా వచ్చేవారు స్పెన్సర్ దగ్గర 12వ నంబరు రహదారి ఎక్కి, బ్రిస్టో, లించ్ దాటి తూర్పుకు రావాలి. పెట్రోలు ముందే నింపుకోండి, చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి, సెల్‌ఫోన్ సంకేతం మీద ఆధారపడకుండా దారిని కాగితం మీద రాసుకోండి. ఇంట్లో చదివేసిన మంచి పుస్తకాలేవైనా ఉంటే రెండు తీసుకెళ్లి, గ్రంథాలయానికి ఇవ్వవచ్చా అని అడిగి చూడండి. భోజనానికి మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లడం ఉత్తమం. అప్పటికి పొలాల వాళ్లు తిని, పేకముక్కలు తీసి, కొత్తవారితో మాట్లాడే తీరికలో ఉంటారు.